మొదటి వరుసలో రాయని పేరు

8 ఫిబ్రవరి 2024, గురువారం. సాయంత్రం 6.40.

జరిగినవాటిని జరిగిన క్రమంలోనే, ఏదీ కలపకుండా, ఏదీ దాచకుండా రాస్తున్నాను.

1. ఉదయం 9.15కి అక్రా బస్సులో నా పేర ఒక అట్టపెట్టె వచ్చింది. పంపినవారు స్వర్ణతంత్రి పురస్కార సంఘం కార్యదర్శి శ్రీమతి అమెతెపే. ఉత్తమ గీతరచనకు ఆ సంఘం ఇస్తున్న పురస్కారానికి నలభై ఏళ్లు నిండిన సందర్భంగా నేను రాస్తున్న చరిత్ర పుస్తకానికి ఇవి పనికొస్తాయేమో చూడమని చీటీ.

2. పెట్టెలో ఉన్నవి: మొదటి ఏడాది దరఖాస్తులు పదకొండు, న్యాయనిర్ణేతల మార్కుల పట్టీ ఒకటి, గతించిన రికార్డింగు ఇంజనీరు ఒకాయన ఇంట్లో దొరికిన క్యాసెట్లు ఆరు.

3. దరఖాస్తులలో మూడవది మా మేనమామ క్వాసీ బాఫోది. పాట పేరు 'ఓ లోకమా'. 1984లో మొట్టమొదటి స్వర్ణతంత్రి ఆ పాటకే వచ్చింది. 'పాట కట్టినవారు' అన్న చోట అచ్చులో ఒకే గీత ఉంది. గీత మీద మామ పేరు ఉంది.

4. నాలుగవ క్యాసెట్ మీద పెన్సిలుతో 'బాఫో బృందం, సాధన, సెప్టెంబరు 83' అని ఉంది.

5. మధ్యాహ్నం 1.20కి నా భార్య ఫెలీషియా భోజనం పెట్టి వెళ్లాక దుకాణం తలుపు సగం దించి ఆ క్యాసెట్ వేశాను.

6. మొదట గిటారు శ్రుతి చేస్తున్న చప్పుడు. తరువాత మామ గొంతు, వయసులో ఉన్నప్పటిది: "ఇంకోసారి పాడు చెల్లీ. మెల్లగా. పేరు దగ్గర్నుంచి ఎత్తుకో."

7. అప్పుడొక ఆడగొంతు 'ఓ లోకమా' పాటను మొదలునుంచి చివరిదాకా పాడింది. వెనుక గిటారు లేదు. గిన్నెలో గరిటె తిరుగుతున్న చప్పుడు ఉంది.

8. ఆమె 'ఓ లోకమా' అనలేదు. ఆ మాట రావలసిన ప్రతిచోటా 'అబెనా న్యార్కో' అంది.

9. ఆ గొంతు మా అమ్మది.

10. మా అమ్మ పాడగా ఈ నలభై అయిదేళ్లలో నేను ఎన్నడూ వినలేదు.

11. వేరుశనగ పులుసు చల్లారిపోయింది. తినలేదు.

సిల్వానస్ యావ్ బాఫో
టైపు, జిరాక్సు, అర్జీలు. అసాఫో, కుమాసి.


9 ఫిబ్రవరి, శుక్రవారం. ఉదయం 5.50.

నిద్ర సరిగా పట్టలేదు. కనుక ఆలోచనను ఒక క్రమంలో పెట్టాను. ఆ పాట అమ్మది కాకపోవడానికి కారణాలు:

(అ) నలభై ఏళ్ల క్యాసెట్. టేపు సాగితే ఏ గొంతైనా ఇంకొకరి గొంతులా వినిపిస్తుంది.
(ఆ) అమ్మదే అయినా, మామ కట్టిన పాటకు వంత పాడటం నేర్చుకుంటూ ఉండవచ్చు.
(ఇ) సరైన మాట దొరికేదాకా ఏదో ఒక పేరు పెట్టి పాడటం బృందాలలో మామూలే. అబెనా న్యార్కో అటువంటి పేరే అయి ఉంటుంది.
(ఈ) 'ఓ లోకమా' అన్న పిలుపులోని గొప్పతనాన్ని గురించి నా పుస్తకంలో మూడున్నర పేజీలు రాశాను. లోకాన్ని ఒక బిడ్డను పిలిచినట్టు పిలవడం మా భాషలో అంతకుముందు ఎవరూ చేయని సాహసమని నిరూపించాను. ఆ మూడున్నర పేజీలకు ఆధారాలు ఉన్నాయి.

నాలుగు కారణాలు చాలు. విషయం ఇంతటితో ముగిసింది.

సిల్వానస్ యావ్ బాఫో


అదే రోజు. సాయంత్రం 5.10.

ముగియలేదు. 'పేరు దగ్గర్నుంచి ఎత్తుకో' అన్నాడు మామ. తను కట్టిన పాటయితే ఆమెను పాడమని, మళ్లీ పాడమని, మెల్లగా పాడమని ఎందుకు అడుగుతాడు? నేర్చుకుంటున్నది ఆయన.

సిల్వానస్ యావ్ బాఫో


11 ఫిబ్రవరి, ఆదివారం. సాయంత్రం 4.00.

ప్రార్థన నుంచి వచ్చి అందరం వాకిట్లో కూర్చున్నాం. వచ్చే నెల పదహారున జరిగే వేడుకలో మామకు జీవితకాల గౌరవం ఇస్తారని, ఆయన స్వయంగా 'ఓ లోకమా' పాడతారని రేడియోలో చెప్పారు. వెంటనే పాట వేశారు. ఫెలీషియా భుజాలు కదిపింది. నేను అమ్మను చూశాను. ఇన్నేళ్లలో పాట వస్తుండగా అమ్మను చూడటం ఇదే మొదటిసారి అనుకుంటాను.

అమ్మ లేచి, కడిగి బోర్లించి ఉన్న గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లి మళ్లీ కడగసాగింది.

"అత్తయ్యా, అది కడిగిందే," అని ఫెలీషియా అరిచింది.

"కడిగింది కడగకూడదని మీ చర్చిలో చెప్పారా?" అని అమ్మ అక్కడినుంచే అంది.

"మా చర్చిలో కాదు, సబ్బు కొట్టువాడు చెప్పాడు."

అమ్మ నవ్వలేదు. పాట అయిపోయాక వచ్చి కూర్చుంది.

జ్ఞాపకం వచ్చినంతవరకు: నా పెళ్లిలో ఈ పాట మొదలవగానే అమ్మ నీళ్ల డ్రమ్ము నిండిందో లేదో చూడటానికి వెళ్లింది. పెద్దమ్మ అంత్యక్రియలలో కుర్చీలు లెక్కపెట్టడానికి వెళ్లింది. 2009లో పురస్కారానికి పాతికేళ్లయినప్పుడు మామ ఇంట్లో జరిగిన విందులో, తలనొప్పి అని నడిచి ఇంటికి వచ్చేసింది. తాఫో నుంచి అసాఫో వరకు నడిచి. అమ్మకు సంగీతమంటే పడదని నేను ఇంతకాలం అందరికీ చెబుతూ వచ్చాను.

ఇంకొక పట్టీ కూడా తీసి చూశాను. 2019లో అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె గదిలోని వస్తువులన్నిటికీ పట్టీ రాశాను. మొత్తం 63. ఎందుకు చూశానో తెలియదు. అమ్మ పాడిన పాటలో 'చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి' అన్న పాదం ఉంది. రికార్డులోనూ ఉంది. నా పుస్తకంలో దానికి అర్థం: ప్రయాణం ముగియని మానవజాతి.

పట్టీలో 14వ వస్తువు: చిన్న రబ్బరు చెప్పులు, ఒక జత, నీలం. ఎడమదాని పట్టీ మీద పంటి గుర్తులు. నావి.

సిల్వానస్ యావ్ బాఫో


13 ఫిబ్రవరి, మంగళవారం. సాయంత్రం 7.05.

ఈరోజు అడగలేదు. రేపు మామ దగ్గరికి వెళతాను.

సిల్వానస్ యావ్


15 ఫిబ్రవరి, గురువారం. మధ్యాహ్నం.

నిన్న వెళ్లలేదు. ఈరోజు టేపురికార్డరు సంచిలో పెట్టుకుని ట్రోట్రో వ్యాను ఎక్కి తాఫో వెళ్లాను.

మామ వరండాలో కూర్చుని వేడుక కోసం కుట్టించిన చొక్కాకు బొత్తాములు సరిపోయాయో లేదో తడిమి చూసుకుంటున్నాడు. ఎనభై నాలుగేళ్లు. చూపు సగం పోయింది. బల్ల మీద బంగారు పూత వేసిన చిన్న తంత్రీవాద్యం బొమ్మ, 84 నాటి బహుమతి. దాని తీగ ఒకటి తెగి వేలాడుతోంది.

"రారా నా వారసుడా! నా చొక్కా చూడు. ఇందులో పాతిపెట్టినా బాగుంటానా?"

"ముందు పాడండి మామా, తరువాత పాతిపెడతాం."

"అదీ మాట. నువ్వు పంపిన పుస్తకం టైపు ప్రతి మనవరాలు చదివి వినిపించింది. నా పాటలో ఇంత చదువుందని నాకే తెలీదురా."

నేను క్యాసెట్ వేశాను. ఆయన వేళ్లు బొత్తాము మీద ఆగిపోయాయి. పాట మొత్తం విన్నాడు. గరిటె చప్పుడు దగ్గర చిన్నగా తల ఊపాడు.

"ఉడికించిన పచ్చి బొప్పాయి," అన్నాడు. "ఆ ఏడాది అదే తిండి. అది కలుపుతూ పాడింది."

"పాట ఎవరిది మామా?"

"మా రోజుల్లో బృందంలోకి ఎవడు ఏ ముక్క తెచ్చినా లేబులు మీద పెద్దవాడి పేరే వేసేవాళ్లం. ట్రంపెట్ వాడు తెచ్చినా నాదే. వ్యాను డ్రైవరు ఈల వేసినా నాదే. కాగితంలో ఒక్కటే గీత ఉండేది. ఒక్క గీత మీద ఎంతమందిని కూర్చోబెట్టను?"

"అమ్మ మీ బృందంలో మనిషి కాదు."

"నా కుటుంబంలో మనిషి. నువ్వు ఎవడి వారసుడివి? మీ నాన్న వారసుడివా? కాదు. చెల్లెలి కొడుకువి, నా వారసుడివి. బడిలో నీకు నా పేరు రాయించింది ఎవరు? చెల్లెలి పిల్లలు నావాళ్లయినప్పుడు చెల్లెలి పాట ఎవరిదవుతుందిరా, చదువుకున్నవాడా?"

ఆ లెక్కలో తప్పెక్కడుందో నాకు వెంటనే దొరకలేదు. అది మా అందరి లెక్క: మాలో వారసత్వం మేనమామ నుంచి మేనల్లుడికే. నేనూ ఆ లెక్క మీదనే పెరిగాను.

"అబెనా న్యార్కో ఎవరు?"

మామ చొక్కా మడతపెట్టాడు. విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"మీ అమ్మ చెప్పలేదూ?"

"లేదు."

"అయితే నేను చెప్పకూడదు." చొక్కా పక్కన పెట్టి తనే అన్నాడు. "నీ తర్వాతది. మంగళవారం పుట్టింది, అందుకే అబెనా. రెండేళ్లు ఉంది. ఎనభై మూడులో, ఆ ఆకలి ఏడాది జులైలో పోయింది."

క్యాసెట్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపేశాను.

"పసిపిల్లకి శోకం పెట్టకూడదని పెద్దలు కట్టడి చేశారు. తల్లి ఏడిస్తే తర్వాతి కాన్పు నిలవదని. అంత్యక్రియలు లేవు, నల్లబట్టలు లేవు. మీ అమ్మ ఏడవలేదు. పొయ్యి దగ్గర కూర్చుని కూనిరాగం తీసేది. వంటపాట అనుకున్నారు అందరూ. నేను అనుకోలేదు. నేను పాటలవాణ్ణి కదా."

"పేరు ఎందుకు తీసేశారు?"

"బీరు కొట్లో తాగి ఊగేవాళ్ల నోట్లో ఆ పిల్ల పేరు నలగకూడదని. తాళంలో అన్ని దెబ్బలకి సరిపోయే మాట వెతికాను. 'ఓ లోకమా' సరిపోయింది. అంతే."

మూడున్నర పేజీలు.

లేవబోయాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "నీ పుస్తకంలో ఇంకోటి కూడా రాశావు. 'అన్న పడుకున్నాడు, మెల్లగా రా' అన్నచోట, అన్న అంటే ఆనాటి సైనిక ప్రభుత్వమని, కర్ఫ్యూని ఎగతాళి చేశానని. న్యాయనిర్ణేతలూ అప్పుడు అలాగే అనుకున్నారు. ధైర్యం ఉన్న పాటని పొగిడి బహుమతి ఇచ్చారు. నేనూ కాదనలేదు."

"మరి అన్న ఎవరు?"

"నువ్వేరా. నీకు జ్వరం. రెండ్రోజులుగా కళ్లు తెరవలేదు. నువ్వు కూడా పోతావనుకున్నాం."

సిల్వానస్ యావ్


16 ఫిబ్రవరి.

నీళ్లు కాచాను, రా. నీ గిన్నె బోర్లించలేదు. అన్న పడుకున్నాడు, మెల్లగా రా. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

ఇందులో ఏ పాదానికీ అర్థం చెప్పనవసరం లేదు. అన్నీ ఇంట్లో ఉన్నవే.


18 ఫిబ్రవరి.

నలభై ఏళ్ల పట్టికను మళ్లీ చదివాను. నా చేత్తో టైపు చేసిన నలభై వరుసలు. కట్టినవారిలో స్త్రీల పేర్లు మూడు. ఇంతవరకు నేను దీనిని ఒక సంఖ్యగా మాత్రమే చూశాను. ఇప్పుడు ప్రతి వరుస దగ్గరా ఆగుతున్నాను. 1991, తల్లి పాలను గురించిన పాట: కట్టినవాడు డ్రమ్ములు వాయించేవాడు. 1996, మార్కెట్లో టమాటాలమ్మే ఆమె తిట్లతో అల్లిన పాట: కట్టినవాడు రేవు అధికారి. ఎవరిని అడగను?

యావ్


20 ఫిబ్రవరి, మంగళవారం.

మంగళవారమని గుర్తుంచుకునే అడిగాను. అమ్మ నీడలో కూర్చుని కూరాకు తుంచుతోంది.

"అమ్మా, అబెనా ఎలా ఉండేది?"

ఆమె చెయ్యి ఆగలేదు. ఆకులు తుంచుతూనే ఉంది. కాసేపటికి కాడలను కూడా తుంచి గిన్నెలో వేయసాగింది.

"ఎవరు చెప్పారు?"

"మామ."

"వాడికి ఇప్పుడు నోరొచ్చిందా?"

ఆ తరువాత తనే చెప్పింది. మామ అప్పట్లో టేపు పెట్టె పట్టుకుని వచ్చి పాడమన్నాడట. పిల్లకోసం పాడుతున్న పాట ఎవరైనా అడగటమే సంతోషమనిపించి పాడిందట. 'పేరు మాత్రం జాగ్రత్త అన్నయ్యా' అందట. క్రిస్మస్‌కి మా ఇంటి ఎదురుగా ఉన్న బీరు కొట్లోంచి పాట వినిపించిందట. జనం ఈలలు వేస్తున్నారు. పేరు లేదు.

"పాట పట్టుకుపోయాడని కాదురా. పిల్లని బయటికి పంపి తలుపేసినట్టయింది. మూడు నెలలు వాడితో మాట్లాడలేదు. తర్వాత నీ బడి ఫీజు వాడే కట్టాడు. మాట్లాడాల్సి వచ్చింది."

"పుస్తకంలో నీ పేరు వేయిస్తాను. నాకు అధికారం ఉంది."

"నా పేరెందుకు? నేను బతికే ఉన్నాను, పిలిచేవాళ్లున్నారు. దాన్ని పిలిచేవాళ్లు లేరు."

"మరి ఏం కావాలి?"

"పాటలో దాని పేరు పెట్టమను. అంతే."

తరువాత గిన్నెలోకి చూసుకుని, "ఈ కాడలన్నీ ఎవరు వేశారు?" అంది.

యావ్


22 ఫిబ్రవరి.

శ్రీమతి అమెతెపేకు ఫోను చేశాను. జరిగినదంతా చెప్పాను. అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"యావ్ గారూ, నిబంధన ఏడు మీకు గుర్తుందా?"

నాకు గుర్తు లేకపోవడమా! నిబంధనలన్నీ టైపు చేసింది నేనే. పాట కట్టినవారి పేరు తప్పని తేలితే బహుమతి రద్దు. బహుమతి రద్దయితే ఆ పేరు మీద ఏ గౌరవమూ ఇవ్వరాదు.

"ఆయనకి ఎనభై నాలుగేళ్లండీ," అంది ఆమె. "ఈ ఫోను నేను మాట్లాడలేదు. మీరూ మాట్లాడలేదు. పుస్తకం రేపు ప్రెస్సుకి పోతుంది. మొదటి వరుస ఎలా ఉండాలో మీరే పంపండి."


23 ఫిబ్రవరి.

పంపాను. 1984. ఓ లోకమా. క్వాసీ బాఫో.

మూడున్నర పేజీలు తీసేశాను. అమ్మ తన పేరు వద్దన్నది కనుక ఇందులో తప్పు లేదు. అమ్మే వద్దన్నది. ఆమె తన నోటితోనే వద్దన్నది.


24 ఫిబ్రవరి.

అమ్మ వద్దన్నది తన పేరు. అడిగినది పాపది. నేను రెండూ ఇవ్వలేదు.

మామకు ఫోను చేశాను. "అమ్మకి మీ బొమ్మ అక్కర్లేదు, పుస్తకంలో పేరూ అక్కర్లేదు. అడిగింది ఒక్కటే."

"ఏమిటి?"

"పాటలో పేరు."

ఫోను పెట్టేశాడు.


3 మార్చి, ఆదివారం.

మామ వచ్చాడు. ముందు చెప్పకుండా, టాక్సీలో, క్షమాపణకు మా ఆనవాయితీ అయిన జిన్ను సీసాతో. మా ఇంటికి ఆయన రావడం పదిహేనేళ్లలో ఇదే. తప్పు ఒప్పుకోవడానికి వచ్చినవాడు నేరుగా మాట్లాడకూడదు. మాటలు మోసే మనిషి మధ్యలో ఉండాలి. ఆ పని నాకు అప్పగించాడు. నేను నిలబడ్డాను. వాళ్లిద్దరూ ఆరడుగుల దూరంలో ఎదురెదురుగా, నన్ను మాత్రమే చూస్తూ కూర్చున్నారు. సీసా మధ్యలో నేల మీద ఉంది.

"ఆమెతో చెప్పు, ఆమె అన్న వచ్చాడని."

చెప్పాను.

"అతనితో చెప్పు, నాకు కళ్లున్నాయని. సగం పోయినవి అతనివని."

చెప్పాను.

"ఆమెతో చెప్పు, నాలుక మాత్రం ఆమెది పూర్తిగా ఉందని."

"అతన్ని అడుగు, తాగకుండా వచ్చాడా, ఆ సీసా ఇవాళ్టికి రెండోదా అని."

గుమ్మంలో నిలబడ్డ ఫెలీషియా నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. మామ కర్రను రెండు చేతులతో నేలకు ఆనించాడు.

"చెప్పు. పేరు తీసింది దొంగతనానికి కాదు. తాగి ఊగేవాళ్ల నోట్లో పిల్ల పేరు నలగకూడదని తీశాను. అది ఒక్కటీ నమ్మమని చెప్పు."

చెప్పాను. అమ్మ తన పాత నడుముగుడ్డ అంచును వేళ్లతో సాపు చేస్తూ ఉండిపోయింది.

"అతనితో చెప్పు. దానికి నడక రాకముందే ఊగడం వచ్చింది. దాని అన్న రేకు డబ్బా కొడుతుంటే గోడ పట్టుకుని ఊగేది. తిండి లేకపోయినా ఊగేది. దాని పేరు మీద జనం ఊగకపోతే ఇంకెవరి పేరు మీద ఊగుతారని అడుగు."

ఇది నేను మోయవలసిన మాట. నోరు తెరిచాను. రాలేదు. రేకు డబ్బా కొట్టినది నేను. నాకు గుర్తు లేదు. నా దగ్గర ఇరవై ఏళ్ల పట్టీలున్నాయి. ఒక్కదానిలోనూ ఆ డబ్బా లేదు.

"అదేంటండీ, మాటలు మోసేవాడే ఏడిస్తే పంచాయతీ ఎలా సాగుతుంది?" అని ఫెలీషియా లోపలినుంచి అంది.

"చెప్పక్కర్లేదులే," అన్నాడు మామ. "వినిపించింది." మొదటిసారి నా మీదనుంచి చూపు తీసి అమ్మను చూశాడు. "పదహారున పేరు పెట్టి పాడతాను చెల్లీ. ఎవరి పాటో కూడా చెబుతాను."

నిబంధన ఏడు చెప్పాను. అది నా బాధ్యత.

"రద్దు చేస్తే చేయనీ. ఆ బొమ్మకి తీగ తెగి పదకొండేళ్లయింది."

"బొమ్మ ఉంచుకో," అంది అమ్మ. "నా కూతురి పేరు ఇచ్చేయ్."

సీసా ముట్టుకోలేదు. ఆయన వెళ్లాక తీసి అలమరలో పెట్టింది. "పాడాక చూద్దాం," అంది.

యావ్


15 మార్చి.

పుస్తకాలు వచ్చాయి. బాగా అచ్చయింది. మొదటి వరుస ఉన్న 9వ పేజీ తెరవలేకపోయాను.


16 మార్చి, శనివారం.

వేడుకకు అక్రా రమ్మన్నారు. వెళ్లలేదు. అమ్మ, నేను, ఫెలీషియా వాకిట్లో రేడియో దగ్గర కూర్చున్నాం. మూడు గంటలకు మొదలైంది. ఉపన్యాసాలు. నా పుస్తకాన్ని రెండుసార్లు మెచ్చుకున్నారు. రెండోసారి ఫెలీషియా నా మోకాలు తట్టింది.

మామను వేదిక మీదికి నడిపించిన చప్పుడు. గిటారు ఎత్తుకుంది. మా నలభై ఏళ్ల గిటారు. అమ్మ కుర్చీ అంచుకు జరిగింది. పెరట్లో గిన్నె బోర్లించి ఉంది.

ఆయన పాడాడు. కానీ మొదటి మాటకే సభ మొత్తం అందుకుంది: 'ఓ లోకమా'. వేలమంది. ఈలలు. ఆయన ఏం పాడాడో ఎవరికీ వినిపించలేదు. రెండోసారీ అంతే. పేరు ఆ నోళ్లలో మునిగిపోయింది. ఆయన ఊహించినట్టు బీరు కొట్లో కాదు, నేను చరిత్ర రాసిన సభలో.

అమ్మ కుర్చీ చేతుల మీద బరువు వేసింది. లేస్తోంది. అయిపోయిందనుకున్నాను.

అంతలో గిటారు ఆగింది. బృందం మొత్తం ఒక్క దెబ్బకు ఆగింది. ఆయన చెయ్యెత్తి ఉంటాడు. వ్యాఖ్యాత గాబరాగా ఏదో మొదలుపెట్టాడు. మామ గొంతు దగ్గరగా వచ్చింది.

"నలభై ఏళ్లు మీరు పాడారు. ఈ ఒక్కసారి నన్ను పాడనివ్వండి. ఇది నేను కట్టిన పాట కాదు. మా చెల్లెలు అఫియా క్యెరేవా తన కూతురికోసం పొయ్యి దగ్గర కట్టింది. నేను పిల్ల పేరు తీసేసి నా పేరు పెట్టుకున్నాను. ఇప్పుడు ఆమె కట్టినట్టు పాడతాను."

అంతటి సభలో ఎవరో దగ్గిన చప్పుడు కూడా వినిపించింది.

గిటారు లేకుండా పాడాడు. అబెనా న్యార్కో, నీళ్లు కాచాను, రా. అబెనా న్యార్కో, నీ గిన్నె బోర్లించలేదు.

అమ్మ అప్పటికే లేచి నిలబడి ఉంది. పెరటివైపు వెళ్లలేదు. రేడియో దగ్గరికి వెళ్లి శబ్దం పెంచింది. చివరిదాకా అలా వంగి నిలబడే ఉంది. మూడో పాదం దగ్గర నా తల మీద చెయ్యి వేసింది.

అయిపోయాక శబ్దం తగ్గించి, "శ్రుతి తప్పాడు," అంది. "రెండో పాదం తొందరగా ఎత్తుకున్నాడు. ముసలాడైపోయాడు."

అలమర తెరిచి సీసా తీసింది. మొదట, పోయినవాళ్లకు పోసినట్టు, నేల మీద కొద్దిగా పోసింది. పేరు పెట్టి పిలిచి పోసింది.


19 మార్చి, మంగళవారం.

శ్రీమతి అమెతెపే ఫోను చేసింది. బహుమతి ఉంచాలా, రద్దు చేయాలా అన్నది ఏప్రిల్‌లో తేలుస్తారట. అమ్ముడుపోని పుస్తకాలలో అతికించడానికి సవరణ చీటీ నన్నే టైపు చేయమన్నారు. చేశాను.

1984. పాట: అబెనా న్యార్కో. కట్టినది: అఫియా క్యెరేవా. పాడినది: క్వాసీ బాఫో.

ఇందుకు మూడు గీతలు పట్టాయి. 'నా పేరెందుకు?' అని అమ్మ మళ్లీ అంది. చరిత్ర ఆమె ఒక్కతెది కాదని చెప్పాను. "సరే, అక్షరాలు తప్పు లేకుండా కొట్టు," అంది. ఇంకొక ఉత్తరం కూడా కొట్టాను: మిగిలిన ముప్పై తొమ్మిది వరుసలలోని ఇళ్లకు, ఆ పాట మొదట ఎవరు పాడగా విన్నారో చెప్పమని.

తరువాత అమ్మ ట్రంకు పెట్టె తెరిపించి పట్టీ సరిచేయడానికి కూర్చున్నాను. నీలం చెప్పులు తీశాను. నా అరచేతిలో రెండూ పట్టాయి. పద్నాలుగో వస్తువు దగ్గర 'నావి' కొట్టేసి 'అబెనావి' అని రాశాను. ఎడమ చెప్పు పట్టీ మీది పంటి గుర్తులను చూపించి, "చెల్లికి అప్పుడే పళ్లు వస్తున్నాయా?" అని అమ్మను అడిగాను.

అమ్మ చెప్పు తీసుకుని బొటనవేలితో ఆ గుర్తులను తడిమింది.

"అవి దానివి కావు. నీవి. అది పోయిన రెండు రోజులకి నీకు జ్వరం తగ్గింది. ఇంట్లో ఏమీ లేదు. నేను నీళ్లకి వెళ్లి వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని నములుతున్నావు."

చెప్పు నా చేతికి ఇచ్చి వంటకు లేచింది.

14. చిన్న రబ్బరు చెప్పులు, ఒక జత, నీలం. అబెనావి. పంటి గుర్తులు నావి.